ఎర్రమల కొండలలో ఒక దినము

విహారయాత్ర అనగానే మన కుటుంబాలలో మొదట వినిపించే పేర్లు ఊటీ, కొడైకెనాల్, అరకు. సెలవులకు నెల ముందునుండే పిల్లలు ఈ పేర్లు చెప్పడం, తండ్రి జేబు తడిమి చూచుకొనడం, చివరకు ‘వచ్చే సంవత్సరం చూద్దాంలే’ అని తల్లి సర్దిచెప్పడం డోన్ వంటి చిన్న పట్టణంలో ఏటేటా జరిగేదే. రైల్వేలో ఉద్యోగం ఉన్నవారికి పాసులుంటాయి. బండల ఫ్యాక్టరీలో దినకూలికి పోయేవారికి, బస్టాండు దగ్గర చిన్న అంగడి పెట్టుకొన్నవారికి నాలుగు రోజులు పని మానుకొని కొండలు చూడబోవడం ఎట్లా కుదురుతుంది? అందుచేత ఈ సంచికలో మేము వ్రాయదలచినది ఒక్క దినంలో వెళ్ళి రాగల కొండలను గూర్చి. తెల్లవారకముందే బయలుదేరితే రాత్రి పడకవేళకు ఇల్లు చేరవచ్చు. ఆ కొండలు మనకు కొత్త కావు. అవి మన ఎర్రమలలే.

ఎర్రమలలను మనం కొండలుగా లెక్కపెట్టము. నల్లమలకు అడవి ఉన్నది, పులి ఉన్నది, పేరు ఉన్నది. ఎర్రమలలకు ఏమున్నది? ముళ్ళ కంపలు, ఎండిన బోద, మేకల కాలిబాటలు. మన కొండలకు శిఖరాలు కూడా తక్కువే. ఎవరో కత్తితో పైభాగం కోసి బల్లలాగ చదును చేసినట్లుంటాయి. డోన్ నుండి నంద్యాలకు రైలులో వెళ్ళేవారు వాటిని కిటికీలోనుండి చూస్తూనే ఉంటారు గాని, అటు వ్రేలు చూపి పిల్లలకు ఏమైనా చెప్పేవారు అరుదు. పచ్చగా ఉంటేనే అందమని మనకు ఎవరు నేర్పారో తెలియదు. ఎర్రటి రాయిలోనూ, బోసి గుట్టలోనూ చూడదగినది చాలా ఉన్నదని ఈ ప్రయాణంలో మా పిల్లలే మాకు చూపించారు.

క్రిస్మసు పండుగ సందడి తీరిన తరువాత, జనవరి నెల రెండవ శనివారం, నాలుగు కుటుంబాలవారము, కొందరు యౌవనస్థులు కలిసి ఒక మినీ బస్సు మాట్లాడుకొన్నాము. దారి ఇట్లా అనుకొన్నాము: బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, అక్కడ బెలుం గుహలు చూచుకొని జమ్మలమడుగు, అక్కడినుండి గండికోట. రానుపోను సుమారు 300 కిలోమీటర్లకు కొంచెం పైమాటే. చిత్రాన్నం, జొన్నరొట్టెలు, ఎర్రకారం, బుడ్డల పొడి, గట్టి పెరుగు స్త్రీలు ముందురోజు రాత్రే సిద్ధం చేశారు. బిర్యానీ హోటలులో తిందామన్న యౌవనస్థుల తీర్మానం వారి ముందు నిలువలేదు. అన్నిటికంటె ముందు బస్సులోనికి ఎక్కినవి నీళ్ళ క్యాన్లు. “డోన్ వాళ్ళమబ్బా! స్వర్గానికి పోయినా బిందె చంకన పెట్టుకొనే పోతాం” అని ఒక అవ్వ అంటే అందరూ నవ్వారు. ఆమె నవ్వుకు అన్న మాటే గాని, ఆ దినమంతా మేము చూచినదంతా చివరకు నీళ్ళ దగ్గరికే వచ్చి చేరింది.

అయిదు గంటలకు చలిలో బయలుదేరి బేతంచెర్ల చేరేసరికి వెలుగు వచ్చింది. రోడ్డుకు రెండు ప్రక్కల బండలు దొంతులుగా పేర్చి ఉన్నవి. మన ఇండ్లలో గచ్చుకు పరచేది, వంటింటి గట్టుకు వేసేది, పాత ఇండ్లలో పైకప్పుకు కూడా కప్పేది ఈ రాయే. హైదరాబాదులో, బెంగుళూరులో ఎన్నో ఇండ్ల నేలలు ఈ కొండ కడుపులోనుండి పోయినవే. భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పేదేమంటే, కోట్ల సంవత్సరాల క్రిందట ఈ ప్రాంతం సముద్రం క్రింద ఉన్నది. ఆ సముద్రపు అడుగున పొరమీద పొరగా పేరుకొన్న సున్నమే గట్టిపడి ఈ రాయి అయినది. పొరలుగా ఏర్పడినది గనుకనే అది పలకలుగా విడుతుంది. నీటిచుక్కకు ముఖం వాచిన మన సీమ ఒకప్పటి సముద్రమంటే పిల్లలు నమ్మలేదు. దొంతిలోని ఒక బండ అంచు చూపించాము. పుస్తకంలో కాగితాలవలె పొరలు లెక్కపెట్టవచ్చును.

ఈ బండల పని చూడడానికి సులభంగా కనిపిస్తుంది గాని, గనిలో ఎండకు, పాలిష్ మిషను దగ్గర తడికి, దుమ్ముకు ఒళ్ళు అప్పగించి చేసేవారికి తెలుస్తుంది దాని బరువు. మా బస్సులో ఉన్న ఇద్దరు యౌవనస్థులు డోన్‌లో ఆ పనే చేస్తారు. రోజూ వారు కోసే రాయి ఎక్కడిదో వారు చూడడం ఆ ప్రొద్దునే మొదటిసారి.

బేతంచెర్లకు దగ్గరలోనే బిల్లసర్గం గుహలున్నవి. పిల్లలతో దిగి వెళ్ళే దారి కాదు గనుక మేము అక్కడ ఆగలేదు గాని, వాటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. 1840లలో న్యూబోల్డ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి వాటిని గూర్చి మొదట వ్రాశాడు. తరువాత 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఆయన కుమారుడు అక్కడ మన్ను త్రవ్వించి జంతువుల ఎముకలు మూటలు మూటలుగా తీశారు. వాటిలో ఖడ్గమృగం ఎముకలున్నవి! 1886లో ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదనే శాస్త్రనామం పెట్టారు. ఖడ్గమృగానికి గడ్డి కావాలి, బురద కావాలి, నీటి మడుగులు కావాలి. ఈ రోజున మేకలకే మేత చాలని ఈ గుట్టల మధ్య ఒకప్పుడు ఖడ్గమృగాలు మేసినవంటే ఇక్కడి వానలు, నేల ఎంతగా మారిపోయి ఉండాలి!

బనగానపల్లెలో ఉపాహారం. ఈ ఊరి మామిడిపండు సంగతి మేము చెప్పనక్కరలేదు. 2017లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1948 వరకు ఇది నవాబుల చిన్న సంస్థానం. నవాబుల పాత బంగళాను ‘అరుంధతి’ సినిమా వచ్చినప్పటినుండి అందరూ అరుంధతి బంగళా అంటున్నారు. దానిని చూడాలని యౌవనస్థులు పట్టుబట్టారు. దూరంనుండి చూపించి బస్సు ఎక్కించాము. మాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది వేరొకటి. బనగానపల్లె చుట్టుప్రక్కల కొండరాళ్ళలో గులకరాళ్ళు ముద్దగా అతుక్కొన్న ఒక పొర ఉన్నది. వెనుకటి కాలంలో దానిలో వజ్రాలు వెదికేవారు. ఇప్పటికీ తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనం ఒళ్ళు వంచి వజ్రాలకోసం వెదకడం మనకందరికీ తెలిసినదే. విత్తనం వేయవలసిన వేళ చేనిలో రాయి వెదికే పరిస్థితి ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే మాత్రం అది వినోదంగా అనిపించదు.

బనగానపల్లె దాటి అవుకు చేరేసరికి కొండలు రెండు ప్రక్కల దగ్గరికి వస్తాయి. ఉన్నట్టుండి కొండల నడుమ పెద్ద నీటి పరపు కనబడింది. అవుకు జలాశయం. బస్సులో ఉన్నవారందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఇంత నీరు ఇక్కడ ఎక్కడిదని అడిగారు. ఇది మన వాన నీరు కాదు. కృష్ణానది నీరు. శ్రీశైలం జలాశయంలో పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరి, బనకచర్ల దాటి, గోరుకల్లు జలాశయంలో నిలిచి, అక్కడినుండి ఇక్కడికి వస్తుంది. అవుకు తరువాత కొండ అడ్డం. అందుచేత కొండలోనే సొరంగాలు త్రవ్వి నీటిని అవతలి ప్రక్కకు, గండికోట జలాశయానికి పంపుతున్నారు. దీనిని గాలేరు–నగరి సుజల స్రవంతి అంటారు. సొరంగం త్రవ్వుతున్నప్పుడు నడిమధ్య మెత్తటి నేల తగిలి విరిగిపడడంతో ఏండ్ల తరబడి పని ఆగింది. ప్రక్కనుండి వేరే దారి త్రవ్వవలసి వచ్చింది. రెండవ సొరంగాన్ని 2023 నవంబరులో ప్రారంభించారు. పైనుండి చూస్తే గట్టి రాయిలా కనిపించే ఎర్రమల లోపల అంత మెత్తన ఉన్నదని త్రవ్వేవారికే తెలిసింది.

అంటే మేము వెళ్తున్న దారిలోనే మా క్రిందుగా కృష్ణ నీరు కూడా పెన్నకు వెళ్తున్నది. ఇది తెలిసినప్పటినుండి పిల్లలు ప్రతి కాలువ వంతెన దగ్గరా “ఇదేనా? ఇదేనా?” అని అడగడం మొదలుపెట్టారు.

కొలిమిగుండ్ల ప్రాంతంలో నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనబడతాయి. ఇంత చదును పొలాల మధ్య గుహలెక్కడివని మాతో వచ్చిన ఒక పెద్దాయన అనుమానపడ్డారు. బెలుం గుహలకు కొండ ఎక్కనక్కరలేదు, నేలలోనికి దిగాలి. బయట బావిలాంటి గుంటలు కనబడతాయి. మెట్లమీద లోపలికి దిగగానే వెలుగు వెనుక ఉండిపోతుంది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సగం వరకే యాత్రికులకు దారి వేశారు. లోపల గాలి వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. బయట జనవరి చలి, లోపల అందరికీ చెమటలు. ఉబ్బసం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు పూర్తి లోపలికి వెళ్ళకుండా మొదటి మండపం చూచి తిరిగి రావడం మంచిది. మాతో ఉన్న అవ్వ మాత్రం ఎవరి మాటా వినక చివరిదాకా వచ్చింది.

ఈ గుహలను చేసినది నీరే. వాననీరు నేలలోనికి ఇంకుతూ కొంచెం పులుపు తత్వాన్ని పట్టుకొంటుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలో దూరి రాతిని కరిగిస్తూ పోతే కొన్ని లక్షల సంవత్సరాలకు ఇట్లా దారులు, గదులు ఏర్పడతాయి. కప్పునుండి ఒక్కొక్క చుక్క జారేటప్పుడు దానిలోని సున్నం కొద్దిగా అక్కడే పేరుకొని ఊడలవలె దిగుతుంది. ఒకచోట అట్లాంటి ఊడలు మర్రిచెట్టువలె ఉన్నవి. ఇంకొకచోట రాతిని కట్టెతో మెల్లగా తడితే స్వరాలు పలుకుతాయని సప్తస్వరాల గుహ అని పేరు పెట్టారు. అన్నిటికంటె లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టానికి 46 మీటర్ల అడుగున, అంటే 150 అడుగుల క్రింద, సన్నగా నీరు పారుతూ రాతిలోనికే మాయమవుతుంది. పైన చేలలో బోర్లు వేసి ఎండిపోయినవారు ఎందరో. క్రింద చీకటిలో ఎవరికీ అందకుండా పారే ఈ నీటి దగ్గర మా వాళ్ళు చాలాసేపు మాటలు లేకుండా నిలబడ్డారు.

గుహల కథలో సిగ్గుపడవలసినదీ, సంతోషించవలసినదీ రెండూ ఉన్నవి. ఫుట్ దొరగారు 1884లోనే బెలుం గుహలను గూర్చి వ్రాసిపెట్టినా దాదాపు నూరు సంవత్సరాలు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83 సంవత్సరాలలో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ అనే జర్మను పరిశోధకుడు తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచి పటం గీశాడు. అప్పటికి ఈ గుంటలు చుట్టుప్రక్కలవారికి చెత్త వేసుకొనే చోట్లు. ఎక్కడో జర్మనీనుండి వచ్చినవాడు ప్రాకుతూ కొలిచిన చోట మనం చెత్త పోశాము! తరువాత స్థానికులే కొందరు పట్టుబట్టి ప్రభుత్వాన్ని కదిలించారు. పర్యాటకశాఖవారు 1999లో పని మొదలుపెట్టి, మన్ను తీసి, దారి వేసి, దీపాలు పెట్టి 2002లో అందరికీ తెరిచారు. మేము వెళ్ళిన దినాన పాఠశాల పిల్లలే నాలుగు బస్సులవారు ఉన్నారు. వారు బిస్కట్టు కాగితాలు లోపల పడవేయకుండా ఒక ఉపాధ్యాయురాలు సంచి పట్టుకొని వెంట తిరుగుతూ ఉంటే ముచ్చట వేసింది.

మధ్యాహ్నం జమ్మలమడుగు దాటాము. పాత తరం క్రైస్తవ కుటుంబాలకు ఈ ఊరు పేరు చెప్పగానే గుర్తువచ్చేది లండన్ మిషనువారు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి. కడప, కర్నూలు పల్లెలనుండి బండ్లు కట్టుకొని రోగులను అక్కడికి తెచ్చిన రోజులున్నవి. మా అవ్వ తన తమ్ముడు అక్కడే పుట్టాడని చెప్పి, బస్సు ఆపమని అడిగి, రోడ్డుమీదనుండే చేతులు జోడించి మళ్ళీ ఎక్కింది.

అక్కడినుండి గండికోటకు 15 కిలోమీటర్లు. దారి మెల్లగా పైకెక్కుతుంది. కోటగోడ కనబడేవరకు ఏదో మామూలు గుట్టమీదికి వెళ్తున్నట్లే ఉంటుంది. కోట వాకిలి దాటి, ఊరు దాటి, మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు దాటి, రాళ్ళమీద కొంచెం దూరం నడవాలి. అప్పుడు ఉన్నట్టుండి నేల అయిపోతుంది. పాదాల ముందు సుమారు 300 అడుగుల లోతు. ఎర్రటి రాళ్ళు నిలువుగా, ఇటుకలు పేర్చి కట్టినట్లు, ఎదుటి ప్రక్కా అట్లాగే. వాటి నడుమ పెన్న. కన్నడదేశంలో నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు సీమలో సముద్రంలో కలిసే ఈ నది ఎర్రమలను అడ్డంగా కోసుకొని వెళ్ళిన చోటు ఇదే. కొండకు పడిన గండి గనుక గండికోట. ఈ పేరు పెట్టినవారికి మా నమస్కారాలు. ఇంతకంటె సూటియైన పేరు ఉండదు.

దీనిని ఇప్పుడందరూ భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. అమెరికాలోని ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలుకు దగ్గర. దానితో పోల్చి మనది చిన్నదని బాధపడడమెందుకు, పెద్దదని చెప్పుకొనడమెందుకు? గండికోట గండికోటే. ఈ ఎర్రరాయి వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే అంటారు. శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరకు గండికోట అనే పేరే పెట్టారు. ఒకప్పటి ఇసుకే ఇట్లా గట్టిపడినదట. ప్రొద్దున చూచిన బండ సున్నం, ఇక్కడిది ఇసుక. సున్నపురాతిని నీరు లోపలినుండి కరిగించి గుహ చేసింది. ఇసుకరాయి కరగదు గనుక పైనుండి కోసుకొంటూ పోయి లోయ చేసింది. ఈ తేడా మా వాళ్ళలో తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి కనిపెట్టి చెప్పింది. మేము ఇక్కడ వ్రాస్తున్నాము, అంతే.

లోయ ఉన్న ప్రక్క గోడ కట్టే పని లేదు. మిగిలిన ప్రక్కలే కట్టుకొంటే చాలునని పూర్వులు ఇక్కడ కోట కట్టారు. పెమ్మసాని నాయకుల కాలంలో ఇది గొప్ప వెలుగు వెలిగింది. 17వ శతాబ్దం నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ మీర్ జుమ్లాను కలుసుకొనడానికి ఇక్కడికి వచ్చి, ఎక్కి వచ్చిన ఇరుకు దారిని గూర్చి వ్రాశాడు. ఫిరంగులు పోత పోయడంకోసం గుళ్ళలోని రాగి విగ్రహాలను పోగుచేయించారనీ, ఆ పని చేతకాక ఒక్క ఫిరంగి కూడా తయారు కాలేదనీ కూడా ఆయనే వ్రాశాడు. యుద్ధానికి వచ్చినవారి తెలివి ఎప్పుడూ ఇంతే.

కోటలో మేము ఎక్కువసేపు ఉన్నది గుడి దగ్గరా కాదు, మసీదు దగ్గరా కాదు, ధాన్యపు కొట్టు దగ్గరా కాదు, పావురాల గోపురం దగ్గర అసలే కాదు. అక్కడ ఫోటోలు తీసుకొనేవారి రద్దీ. రాయలచెరువు గట్టుమీద కూర్చుని భోజనం చేశాము. పెన్న మూడు వందల అడుగుల క్రింద పారుతున్నా పైన కోటలో ఉన్నవారికి దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. ముట్టడి వచ్చినప్పుడు దిగి నీళ్ళు తెచ్చుకొనగలరా? అందుకే పడిన వానచుక్కను పడినచోటనే పట్టుకొని చెరువు, కోనేరు కట్టుకొన్నారు. అంత రాజులకూ ఆధారం వాననీరే. మన ఊళ్ళలో పూడిపోయిన చెరువులు, ఆక్రమించుకొన్న వంకలు తలుచుకొంటే, ఫిరంగుల కాలంవారే మనకంటె ముందుచూపు గలవారనిపిస్తుంది.

అక్కడికి జామకాయల గంప తీసుకొని ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పిల్లలకు కాయలు కోసి ఉప్పుకారం అద్ది ఇస్తూ, “ఏ ఊరు సామీ మీది?” అని అడిగాడు. డోన్ అన్నాము.

“డోన్లో నీళ్ళుండాయా?”

వచ్చినవారిని క్షేమమా అని అడిగినట్లుగా అడిగాడు. అంతంతమాత్రమే అన్నాము. ఆయనది ఈ ఊరేనా అని అడిగితే తల అడ్డంగా ఊపి పడమరగా చూపించాడు.

“మాది ఆ పక్క, కొండాపురం మండలం సామీ. మా ఊరు నీళ్ళలో ఉండాది.”

గండికోట లోయకు ఎగువన పెన్నకు అడ్డంగా కట్టిన జలాశయంలో 26.85 టి.ఎం.సి.ల నీరు నిలుపవచ్చు. ప్రొద్దున అవుకు దగ్గర మేము లేచి నిలబడి చూచిన నీరు సొరంగాలగుండా వచ్చి చేరేది దానిలోనికే. దానికోసం ఇరవైకి పైగా గ్రామాలు ఖాళీ చేయవలసి వచ్చింది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద ఊళ్ళు కూడా ఖాళీ అయినవి. పరిహారం చాలలేదనీ, ఇంకా కొంత గడువు కావాలనీ జనం రోడ్డుమీద కూర్చున్న వార్తలు మనమందరం పత్రికలలో చదివినవే. చదివి పేజీ త్రిప్పినవే.

ఆయనకు పరిహారం వచ్చింది, కాలనీలో స్థలం వచ్చింది. ఇల్లు కట్టుకొన్నాడు. “ఇల్లు బాగనే ఉండాది సామీ. పొద్దు పోదు, అంతే” అన్నాడు. అయిదు ఎకరాలలో చీనీచెట్లు ఉండేవట. ఇప్పుడు జామకాయలు తెచ్చి ఇక్కడ అమ్ముతున్నాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఈ నీళ్ళు మీకు వస్తాయా అని మమ్మల్ని అడిగాడు. రావు, ఇవి దిగువకు, కడప సీమకు పోతాయి అన్నాము. “ఎవురికో ఒకరికి పోతాండాయి గదా” అన్నాడు. అది తృప్తో, నిష్ఠూరమో మాకు అర్థం కాలేదు. కొంచెం ఆగి మళ్ళీ తానే చెప్పాడు: “ఎండాకాలం నీళ్ళు తగ్గితే మా వీధి గోడలు కొంచెం బయటపడతాయి. ఒకసారి పోయి చూసొస్తా.”

మా అవ్వ గంపలోని కాయలన్నీ కొనేసింది. బస్సులో అందరికీ రెండేసి వచ్చాయి.

సాయంకాలం అయిదు గంటల తరువాత ఎదుటి గోడమీద ఎండ వాలినప్పుడు ఆ రాయి రంగు చూడాలి. ఎరుపు, కుంకుమ, తరువాత ఊదా. క్రింద నీరు మాత్రం ఆకుపచ్చ. అది మైలవరం జలాశయానికి పోయే పెన్న. ఫోటోలలో వచ్చేది ఈ రంగులే గాని ఆ నిశ్శబ్దం రాదు. గాలి ఒక్కటే రాళ్ళమధ్య శబ్దం చేస్తుంది. మా పిల్లలు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకొన్నారు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. రాళ్ళు నున్నగా ఉంటాయి, కొన్ని కదులుతాయి. ఫోనులో ముఖం చూచుకొంటూ వెనక్కి అడుగు వేసేవారిని మేము ఆ ఒక్క సాయంకాలమే పదిమందిని చూచాము. చిన్నపిల్లల చెయ్యి వదలరాదు. యౌవనస్థులను ముందుగానే కూర్చోబెట్టి చెప్పాలి. అక్కడికి వెళ్ళిన తరువాత చెప్తే వినరు. చెప్పులు ఊడిపోయేవి కాక పట్టీ ఉన్నవి వేసుకోవాలి. కోతులున్నవి, తిండి సంచులు జాగ్రత్త. చీకటి పడకముందే ఆ రాళ్ళమీదనుండి వెనక్కి వచ్చేయాలి.

మేము ఆరున్నరకు బయలుదేరి, జమ్మలమడుగులో టీ త్రాగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాము. పిల్లలు నిద్రపోయారు. అవుకు దగ్గర ఒకరిద్దరు లేచి కిటికీలోనుండి చూచారు గాని చీకటిలో నీరు కనబడలేదు. డోన్ చేరేసరికి పదకొండు దాటింది. మా వీధిలో కుళాయి నీళ్ళు ఆ సాయంకాలం వదిలారట. ప్రక్కింటివారు మా బిందెలు కూడా పట్టి పెట్టారు.

వెళ్ళదలచినవారికి అక్టోబరునుండి ఫిబ్రవరివరకు మంచి కాలం. అప్పుడు జలాశయాలలో నీరుంటుంది, ఎండ భరించవచ్చు. ఏప్రిల్, మే నెలలలో ఆ రాతిమీద మధ్యాహ్నం నిలబడడం మనవల్ల కాదు. అయినా మా యౌవనస్థులు కొందరు మే నెలలో ఒకసారి మళ్ళీ వెళ్దామని, ఈసారి కొండాపురం ప్రక్కనుండి వెళ్దామని అడుగుతున్నారు. బస్సు బాడుగ ఎంతవుతుందో కనుక్కొంటున్నాము.